ముంజేయి

ఓర్వకల్లు దాటినాక, రాళ్ళు ఒకదాని మీదొకటి
ఎవరో సగంలో వదిలేసిన లెక్కలా నిలబడ్డ చోట
మా షెడ్డు.
గోడకు అటు కొలిమి. ఇటు నేను.

పదకొండు రోజులుగా కంప్యూటరు
మూడు మిల్లీసెకన్లను నడుపుతోంది.
రెప్పపాటులో నూరోవంతు.
అంతలోనే ఉక్కు ధార
నత్రజని విసురుకు వణికి
పలకలా సాగి
పలక అంచున దారాలై
దారం నడుము సన్నబడి, సన్నబడి
ఆగిపోతుంది. ప్రతిసారీ అక్కడే.
లెక్క తేలలేదని ఎర్ర అక్షరాలు.

గడిని ఎనిమిది గడులు చేస్తాను.
సెకనును కోటి ముక్కలు చేసి
ఒక్కో ముక్కనూ చెయ్యి పట్టుకుని దాటిస్తాను.
మే నెల. ఏసీ గదిలో కూడా
మిషను కుక్కలా రొప్పుతోంది.

పాఠాల్లో తలతన్యత అంటారు.
నాకైతే అది మొండితనం,
బొట్టు బొట్టుగానే ఉంటాననడం.
గాలి విసురు ఒక పక్క, మొండితనం ఒక పక్క.
రెంటి నిష్పత్తి పన్నెండు దాటితే
బొట్టు సంచిలా ఉబ్బి పగులుతుంది.
అంచు మాత్రం కాసేపు కడియంలా మిగిలి
అదీ ముత్యాలైపోతుంది.
పన్నెండు!
నన్నూరు దగ్గర షేర్ ఆటోలో రోజూ పన్నెండుమందిమి ఎక్కుతాం.
ఇంతవరకు ఎవరమూ పగల్లేదు.

మద్దిలేటి టీ తెచ్చాడు.
షిఫ్టు దిగినట్టుంది, కళ్ళద్దాల చోటు తప్ప
మొహమంతా మసి.
తెర మీది ఎరుపునూ నీలాన్నీ చాలాసేపు చూసి
"సప్పుడు యాడుంది మేడమ్ దీంట్లో?" అన్నాడు.
లేదన్నాను.
"మూతి పూడుకపోయే ముందు గొంతు మారతాది కదా.
ఈల పోయి బుస వస్తాది. అప్పుడే కనుక్కోవాల.
లేదంటే ఇంగ కుండకు కుండ గడ్డ కట్టుకుంటాది."

నా లెక్కలో మూతి ఎప్పుడూ నున్నగానే ఉంటుంది.
నేను అట్లా రాశాను గనక.

గ్లాసు ఇవ్వడానికి చెయ్యి చాచాడు.
మోచేతి నుంచి మణికట్టు దాకా చుక్కలు.
నేను చూడటం చూసి
"తాడిపత్రిలో ఉన్నప్పుడు. ఒకసారి తిరగబడింది, లెయ్."

పెద్దవి తక్కువ. చిన్నవి లెక్కలేనన్ని.
పెద్ద మచ్చను అంటిపెట్టుకుని
ఒకటో రెండో పిల్ల మచ్చలు.
పెద్ద బొట్టు గట్టిపడకముందే
వెనకొచ్చిన చిన్నది తగిలి ఉండిపోతే అట్లా అవుతుంది.
మైక్రోస్కోపు కింద మా పొడి అంతా అదే.
తెర మీద మాత్రం ఒక్కసారీ రాలేదు.

కళ్ళు వాటంతట అవే లెక్కపెడుతున్నాయి.
ముప్పై ఒకటి, ముప్పై రెండు.
ఒక మనిషి నొప్పిని
సైజుల వారీగా జల్లెడ పడుతున్నానని తెలిసి
సిగ్గేసింది.
అయినా సగటు వ్యాసం దాకా వెళ్ళే ఆగాను.
టీ చల్లారిపోయింది.

"ఎంతసేపు జరిగింది?"
"ఏంది, తిరగబడిందా?" ఆలోచించాడు.
"రెప్ప ఏసి తీసేలోపల."
ఖాళీ గ్లాసు తీసుకుంటూ,
"మళ్ళ ఈ చేత్తో ముద్ద కలిపేకి ఏడాది పట్టె" అన్నాడు.

అతను వెళ్ళాక మూతి గోడకు గరుకుతనం పెట్టాను.
ఎంత పెట్టాలో తెలీదు.
రేపు కొలిమి పక్కన నిలబడి వినాలి,
ఈల ఎక్కడ బుస అవుతుందో
అతను చెయ్యెత్తి చూపిస్తాడు.

ఫైలుకు పేరు అడిగింది.
మద్దిలేటి ఒకటి, అని కొట్టాను.
తీసేశాను.
మళ్ళీ కొట్టాను.

తెర మీద
దారం నడుము సన్నబడుతోంది.